ప్రేమలత స్కార్పియోకు పరుగెత్తే ఇండికేటర్లు

ఈ శతాబ్దంలో మానవజాతికి అందిన వరాల్లో అన్నిటికన్నా గొప్పది ఏది? సెల్‌ఫోనా? టీకాలా? ఇంటింటికీ నల్లా నీళ్లా? ఏదీ కాదు. పాత బండికి బిగించుకునే రన్నింగ్ ఇండికేటర్!

నవ్వకండి. మామూలు ఇండికేటర్ సంగతి మీకు తెలిసిందే. వెలుగుతుంది, ఆరుతుంది. పాపం, దానికి అంతకుమించి పని రాదు. రన్నింగ్ ఇండికేటర్ అలా కాదు. పసుపుపచ్చని వెలుగు ఒక కొసన మొదలై, గింజ తర్వాత గింజగా ఉరికి, మీరు తిరగబోయే వైపు కొస దాకా పోయి ఆరుతుంది. మళ్లీ మొదలవుతుంది. చదువు రానివాడికీ అర్థమవుతుంది. ఎద్దుకు కూడా అర్థమవుతుంది. "అయ్యా, నేను ఇటు పోతున్నాను" అని ఇంతకన్నా మర్యాదగా చెప్పే యంత్రం ఇంకా పుట్టలేదు.

అయినా కొందరు పెద్దమనుషులు పెదవి విరుస్తారు. ముసలి బండికి పెళ్లిపందిరి సీరియల్ సెట్టు ఎందుకని వెక్కిరిస్తారు. వాళ్ల కోసమే జనగామలో ప్రేమలతకు జరిగింది జరిగినట్టు చెప్పాల్సి వస్తోంది. విన్నాక కూడా మీరు బిగించుకోకపోతే మీ ఇష్టం.

ప్రేమలత అంగన్‌వాడీ సూపర్‌వైజర్. బచ్చన్నపేట వైపు ఊళ్లలో కేంద్రాలన్నీ తిరిగి, గుడ్లు దిగాయా, బాలామృతం ప్యాకెట్లు అందాయా, పిల్లలు బరువు పెరిగారా అని చూడటం ఆమె ఉద్యోగం. ఇదివరకు స్కూటీ మీద వెళ్లేది. ఒక వానాకాలం, కంకర తేలిన రోడ్డు మీద పడి మోకాలి చిప్ప పగలగొట్టుకుంది. ఇక రెండు చక్రాల జోలికి పోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు.

సరిగ్గా అప్పుడే, భూపాలపల్లిలో కాంట్రాక్టు పనులు చేసే ఆమె తమ్ముడు సాయికిరణ్ కొత్త బండి కొన్నాడు. తన పాత తెల్ల స్కార్పియోను అక్కకు ఇచ్చేశాడు. ఏళ్ల తరబడి బొగ్గు దుమ్ము తాగిన బండి అది. ఎంత కడిగినా తలుపుల సందుల్లోంచి నల్ల నీళ్లే కారేవి. అయితేనేం? ప్రేమలత జీవితంలో ఎవరినీ అడగకుండా ఎక్కి ఎవరినీ అడగకుండా దిగగలిగే వాహనం ఇక అదొక్కటే.

బండి ఎంత ఎత్తో ఆమె అంత పొట్టి. సీటు మీద దిండు వేసుకుని కూర్చున్నా, బయటివాళ్లకు స్టీరింగు పైన ఒక నుదురూ రెండు కళ్లూ మాత్రమే కనబడేవి.

ఆమెలో ఒక పెద్ద లోపం ఉంది. డ్రైవింగ్ స్కూల్లో చెప్పిన మాటలు నమ్మేసింది. తిరిగే ముందు ఇండికేటర్ వేసేది! సొంత ఇంటి గేటులోంచి బయటికి వచ్చేటప్పుడు, ఎదురుగా గోడ మీద పిల్లి తప్ప మరో ప్రాణి లేకపోయినా వేసేది.

మన రోడ్ల మీద ఇండికేటర్‌కు వేరే వ్యాకరణం ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎడమది వెలిగిందంటే "నన్ను దాటిపో" అని అర్థం. రెండూ వెలిగితే "నేను తిన్నగా పోతున్నా". ఏదీ వెలగకపోతే "ఇదిగో, ఇప్పుడే తిరుగుతున్నా". ఇక కుడిది వెలిగిందంటే, నిన్నెప్పుడో తిరిగినవాడు ఆపడం మరిచిపోయాడని. ఇంత చక్కటి వ్యాకరణం అమల్లో ఉండగా, ప్రేమలత కుడి ఇండికేటర్ వేసి నిజంగానే కుడికి తిరిగేది! వెనక వచ్చేవాళ్లు కంగారు పడరా మరి?

ఒకరోజు ఒకడు పడ్డాడు. కంగారే కాదు, కిందే పడ్డాడు.

జనగామ చౌరస్తాలో ఆమె బచ్చన్నపేట రోడ్డుకు తిరుగుతుంటే, ఒక బైకు కుర్రాడు కుడిపక్క నుంచే దూసుకొచ్చి, బండి అద్దం ఎగరగొట్టి, డోరు మీద పొడుగ్గా గీత గీసి, అవతల బొక్కబోర్లా పడ్డాడు. దేవుడి దయవల్ల దెబ్బలేం తగల్లేదు. వాడు లేచి ప్యాంటు దులుపుకునేలోపే జనం గుమిగూడి తీర్పు చెప్పేశారు.

"ఆడోళ్లు నడిపితే గిట్లనే ఉంటది."

"గింత పెద్ద బండి ఎందుకమ్మా నీకు?"

"ఇండికేటర్ ఏసిన గదా! సూడుండ్రి, ఇంకా కొట్టుకుంటనే ఉంది" అని ప్రేమలత వెనక్కి నడిచి చూపించింది.

అందరూ చూశారు. నిజంగానే కొట్టుకుంటోంది. గుంపులో ఒక పెద్దాయన దాని వంక కాసేపు జాలిగా చూసి, "ఏసినవ్ బిడ్డా, కాదంటలేం. కని గింత గుడ్డి లైటు ఎవని కండ్లకు ఆనుతది?" అన్నాడు.

గుంపుకు న్యాయం జరిగింది. అందరూ వెళ్లిపోయారు. ఆ మాట మాత్రం ప్రేమలత దగ్గరే ఉండిపోయింది.

ఆమె భర్త హన్మంత్‌కు చౌరస్తాకు దగ్గర్లోనే ఎరువుల దుకాణం. ఆయనకు కారు నడపడం రాదు. ఒకప్పుడు నేర్చుకోబోయి, తన దుకాణం ముందు పేర్చిన యూరియా బస్తాల్లోకే నేరుగా వెళ్లి ఆగాడు. అప్పటినుంచి స్టీరింగు ముట్టలేదు. కానీ డ్రైవింగ్ మీద ఆయన జ్ఞానం మాత్రం ఏటేటా పెరుగుతూనే వచ్చింది.

"బండి అమ్మేద్దాం లతా" అన్నాడు ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని.

"నేనేం తప్పు చేసిన?"

"తప్పు చేసినవని ఎవలన్నరు? రేపు ఎవడన్న బండి కింద పడి సస్తే నేను జవాబు చెప్పాలె."

"నడిపేది నేనైతే జవాబు నువ్వెందుకు చెప్తవయ్యా?"

ఈ ప్రశ్నకు జవాబుగా హన్మంత్, తొర్రూరులో పాత బండ్లు కొని అమ్మే సోమనర్సయ్యకు ఫోన్ చేశాడు. పత్తి మార్కెట్ హడావిడి తగ్గాక వచ్చి చూస్తానన్నాడు సోమనర్సయ్య.

బండి పోతే ప్రేమలత పొద్దున్నే బస్సుకు, బస్సు దిగి షేర్ ఆటోకు, ఆటో దిగి తండాల దాకా నడకకు తయారవ్వాలి. పగిలిన మోకాలితో! అవన్నీ ఆమె చెప్పలేదు. చెబితే ఉద్యోగమే మానెయ్యమంటాడని తెలుసు. మర్నాడు పొద్దున నేరుగా గఫార్ షాపుకు వెళ్లింది.

చౌరస్తా దాటి కుడివైపు గల్లీలో గఫార్ ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాడు. లోకంలో ఉన్న కష్టాలన్నీ లైట్లు తక్కువై వచ్చినవేనని ఆయన నమ్మకం.

"లైటు ఆనుతలేదంట గఫార్ భాయ్" అంది ప్రేమలత.

"ఎట్ల ఆనుతది మేడం? గిది మా నాయిన కాలం బల్బు. జమానా మారింది. రన్నింగ్ పెడ్త. మీరు ఇట్ల మీట నొక్కంగనే ఎనక టిప్పర్ గూడ సలాం కొట్టి ఆగాలె!"

"తిరుగుతున్నట్టు తెలిస్తే సాలు. సలాం వద్దు."

"సలాం ఫ్రీ మేడం" అన్నాడు గఫార్.

బంపర్లు విప్పాడు. సాయికిరణ్ మెకానిక్కులు ఏ రంగు వైరు దొరికితే ఆ రంగు వైరు అతికించి వదిలేశారు. వాటిని చూసి గఫార్ తల పట్టుకున్నాడు. సాయంత్రానికి ఎలాగో నాలుగు మూలలా లైటు పట్టీలు బిగించి మీట నొక్కమన్నాడు.

వెలుగు ఉరికింది. సగం దాకా ఉరికి టక్కున ఆరిపోయింది. మళ్లీ సగం దాకా ఉరికింది, మళ్లీ ఆరింది. మన దగ్గర మంజూరైన రోడ్డు పనుల్లాగే మహా ఉత్సాహంగా మొదలై, సగంలో ఆగి, తిరిగి శంకుస్థాపనకే వచ్చేది. అదీ ఆగమాగంగా!

"పాత ఫ్లాషర్ మేడం, లైటును కొట్టిచ్చే డబ్బి" అన్నాడు గఫార్ తల గోక్కుంటూ. "గీ కొత్త లైట్లు కరెంట్ తక్కువ తింటయ్. గది సూసి ఫ్లాషర్ బల్బు పోయిందనుకుంటుంది, పరేషాన్ అయి జల్ది జల్ది కొడ్తుంది. లైటు కొసకు పోయేలోపే కట్ చేస్తుంది. వేరేది తెప్పిస్త."

కొత్త ఫ్లాషర్ వచ్చింది. ఈసారి వెలుగు కొస దాకా పోయింది. ప్రేమలత సంతోషంగా బచ్చన్నపేట వైపు బయల్దేరింది. రోజంతా ఊళ్లన్నీ తిరిగింది. ఆఖరికి ఒక తండాలో కేంద్రం ముందు బండి తిప్పుతుంటే, అక్కడి టీచర్ నీలి పరుగెత్తుకొచ్చింది.

"మేడం, మేడం! మీ లైటు అటు ఉరుకుతుంది, మీరేమో ఇటు వస్తున్నరు!"

దిగి చూస్తే నిజమే. ఎడమవైపు పట్టీని గఫార్ తలకిందులుగా బిగించాడు. ఎడమ ఇండికేటర్ వేస్తే వెలుగు కుడికి ఉరుకుతోంది! ఎడమకు పోతూ కుడికి సైగ చేయడం ఎన్నికల ముందు మన పెద్దలకు మాత్రమే వచ్చిన విద్య. ఇప్పుడది ఒక స్కార్పియోకు అబ్బింది.

ఇక్కడ మీరు గమనించాల్సిన సంగతి ఒకటుంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా, జనగామ నుంచి ఆ తండా దాకా, ఎన్ని మలుపుల్లో ఎంతమంది వెనక వచ్చారో! లైటు తప్పు చెబుతోందని నీలి తప్ప ఒక్కరూ అనలేదు. ప్రేమలతకు కూడా అప్పుడు ఆ సంగతి తట్టలేదు. లైటు సరిచేయించాలన్న తొందరే ఆమెకు.

"గలతీ అయింది మేడం" అని గఫార్ చెవులు పట్టుకున్నాడు. పట్టీ విప్పి తిప్పి బిగించాడు. ఫ్లాషర్‌కు చిన్న మర ఉంటుంది. దాన్ని సన్నని స్క్రూడ్రైవర్‌తో తిప్పుతూ ఆమెను వెనక నిలబడి చూడమన్నాడు.

"జర నిదానం చెయ్యి... ఇంకా జర... అగో, అంతే! ఆపు!"

గల్లీలో నిలబడి ప్రేమలత తన బండిని తానే వెనక నుంచి చూసింది. వెలుగు తొందరపడకుండా, తడబడకుండా, గింజ గింజగా వెళ్లి కొసన ఒక్క క్షణం నిలిచి ఆరింది. మళ్లీ బయల్దేరింది. ఇంత స్పష్టంగా ఆమె మాటను ఆమె తరఫున ఇంట్లోగానీ ఆఫీసులోగానీ ఎవరూ చెప్పి ఎరగరు.

చేసిన తప్పుకు పరిహారంగా గఫార్ అద్దాలన్నిటికీ నల్ల ఫిల్మ్ అంటించాడు. ఆమె అడగలేదు.

"ఎండలు ముదురుతున్నయ్ మేడం. ఊకెనే ఏసిన."

"పోలీసోళ్లు పట్టుకోరా?"

"గీ లైట్లు సూసినంక గీ బండిని ఎవడు ఆపుతడు మేడం?"

ఆ మర్నాటినుంచి జరిగిందే అద్భుతం!

చౌరస్తాలో ప్రేమలత కుడి ఇండికేటర్ వేసింది. వెనక హారన్ మోగలేదు. ఆమె భయపడి అద్దంలో చూసింది. లారీ ఆగి ఉంది. పక్కన ఆటో ఆగి ఉంది. బైకులు బుద్ధిగా వెనక్కి జరిగాయి. మధ్యలో నిలబడే హోంగార్డు ఎదురువచ్చే బస్సుకు చెయ్యి అడ్డం పెట్టి, ఆమె బండి వైపు తిరిగి నిటారుగా సెల్యూట్ కొట్టాడు!

గఫార్ చెప్పింది అక్షరాలా నిజం. సలాం ఫ్రీ.

ఊళ్లలో ఇంకా విడ్డూరం. రచ్చబండ మీద కూర్చున్నవాళ్లు లేచి తువ్వాళ్లు సర్దుకున్నారు. ఎవరో ఒకాయన పరుగెత్తుకొచ్చి నల్లద్దానికి దండం పెట్టి, తన పింఛన్ సంగతి మొత్తం చెప్పుకుని వెళ్లాడు. తండాలో కేంద్రం ముందు బండి ఆగేసరికి, పిల్లల్ని చూసుకునే ఆయమ్మ బాలనర్సమ్మ ఆగమాగంగా పిల్లల ముక్కులు తుడుస్తోంది. నీలి గుడ్ల ట్రేలు సర్దుతోంది. డోరు తెరుచుకుని దిండుతో సహా ప్రేమలత దిగేసరికి ఇద్దరూ గుమ్మంలోనే కూలబడ్డారు.

"మీరా మేడం! లీడర్లెవలో అచ్చిండ్రనుకున్నం. గుండె ఆగినంత పనైంది" అంది నీలి.

"లైట్లు మార్పిచ్చిన గదా, గందుకే గట్ల అనిపిచ్చిందేమో" అని ప్రేమలత మురిసిపోయింది.

మీరే చెప్పండి, ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

పత్తి హడావిడి తగ్గి, తొర్రూరు నుంచి సోమనర్సయ్య వచ్చాడు. ఇంజన్ శబ్దం విన్నాడు, టైర్లు తన్నాడు, తలుపుల సందుల్లో బొగ్గు నీళ్లు చూసి నిట్టూర్చాడు. బండిలో ఒకసారి తిరిగి వద్దామన్నాడు. ప్రేమలత నడుపుతోంది. హన్మంత్ పక్కన, సోమనర్సయ్య వెనక.

చౌరస్తాలో మళ్లీ అదే! లారీ ఆగింది. బైకులు జరిగాయి. హోంగార్డు సెల్యూట్ కొట్టాడు. హన్మంత్ నిటారుగా కూర్చున్నాడు. నల్లద్దం వెనక నుంచే, ఎవరికీ కనబడకుండా, చెయ్యెత్తి ఆ సెల్యూట్‌ను స్వీకరించాడు.

"మీకు మంచి పలుకుబడి ఉందన్నా" అన్నాడు సోమనర్సయ్య.

"ఏముంది, నలుగురికీ అప్పుమీద ఎరువులిస్తం. మనిషిని గుర్తుపడ్తరు" అన్నాడు హన్మంత్ వినయంగా. ఇల్లు చేరగానే బండి అమ్మేది లేదని చెప్పేశాడు. గఫార్‌కు తన లైట్ల మీద, హన్మంత్‌కు తన ముఖం మీద, ప్రేమలతకు తన ఇండికేటర్ మీద గురి కుదిరింది. ఇలా ఒక్క వస్తువుతో ఇంతమందికి ఆనందం పంచిన శాస్త్రజ్ఞుడెవరో గానీ అతనికి చౌరస్తాలో విగ్రహం పెట్టాలి!

అంతలో ఒక సాయంత్రం, తిరిగి వస్తుంటే, చౌరస్తాలో కొత్తగా వచ్చిన ఎస్సై బండ్లు తనిఖీ చేస్తున్నాడు. స్కార్పియో దగ్గరకు రాగానే ఆయన కూడా ముందు సెల్యూటే కొట్టాడు. అద్దం దిగింది. లోపల ఒక నుదురూ రెండు కళ్లూ కనబడ్డాయి.

"మేడం, సారు యాడున్నరు?"

"ఏ సారు?"

"బండిల సారు."

"బండిల నేనే ఉన్న."

ఎస్సై నమ్మలేదు. వెనక డోరు తెరిచి చూశాడు. గుడ్ల ట్రేలూ, పిల్లల్ని తూచే త్రాసూ ఉన్నాయి. సారు లేడు.

"మా సారు ఎరువుల దుకాణంల ఉన్నడు. పిలువాల్నా?" అంది ప్రేమలత.

అప్పుడు ఆయనకు కోపం వచ్చింది. నల్ల ఫిల్మ్ మీద అనుకుంటే పొరపాటు. అనవసరంగా ఖర్చయిపోయిన సెల్యూట్ మీద! ఫిల్మ్ మొత్తం అక్కడికక్కడే పీకించాడు. జరిమానా రాశాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి లైట్లు చూసి, "ఇవి మంచిగున్నయ్. ఉండనియ్యి" అని దయతలచి వదిలేశాడు.

"సారు యాడున్నడని అడిగిండా?" అన్నాడు హన్మంత్ ఆ రాత్రి. ఎరువుల దుకాణం సారంటే ఎస్సై గుర్తుపట్టనందుకు బాధపడ్డాడు. జరిమానా సంగతి విన్నాక ఇంకా బాధపడి, మళ్లీ తొర్రూరుకు ఫోన్ చేశాడు. "వచ్చి తీస్కపో సోమనర్సయ్యా. గీ తలకాయనొప్పి నాకొద్దు."

"లైట్లు ఉన్నయ్ గదయ్యా" అంది ప్రేమలత. "లైట్లుంటే సాలు. జనం లైట్లు సూసే ఆగుతుండ్రు."

పాపం, నిజంగానే నమ్మింది.

మర్నాడు పొద్దున. అదే చౌరస్తా, అవే లైట్లు. ప్రేమలత కుడి ఇండికేటర్ వేసింది. వెలుగు గఫార్ సరిచేసినట్టే, కొస దాకా నిదానంగా ఉరికింది. వెనక హారన్! పక్కన ఇంకో హారన్! లారీ తోసుకుంటూ ముందుకొచ్చింది. హోంగార్డు అద్దంలోంచి ఆమెను చూసి చెయ్యి అడ్డం పెట్టి, ఎదుటి బస్సును పొమ్మన్నాడు. కుడిపక్క నుంచి ఒక బైకు అంగుళం దూరంలో బ్రేకు వేసింది.

"ఓ అక్కా! ఎటు పోతున్నవ్? జర చెప్పొద్దా?"

ప్రేమలతకు కోపం రావడం అరుదు. అప్పుడు వచ్చింది. బండి ఉన్నచోటే ఇంజన్ ఆపేసి, తాళం చెవి అలాగే ఉంచి, ఇండికేటర్ ఆపకుండా కిందికి దిగింది. అలా అరిచిన బైకు కుర్రాడి చెయ్యి పట్టుకుని బండి వెనక్కి తీసుకుపోయింది.

"గిదేంది?"

"లైటు."

"ఎటు ఉరుకుతుంది?"

కుర్రాడు చూశాడు. చుట్టూ చేరిన జనం కూడా వంగి చూశారు. "రైటుకు" అన్నాడు.

"మరి నేనెటు పోతున్న?"

కుర్రాడు నిజాయితీగా ఆలోచించాడు. లైటు వంక చూశాడు, ఆమె వంక చూశాడు.

"గది లైటు అక్కా. లైటు రైటుకే పోతుంది" అన్నాడు. "మీరెటు పోతరో మాకేమెరుక?"

జనం తలలూపారు. నిజమే కదా!

ప్రేమలత వెళ్లి సీట్లో కూర్చుని తాళం తిప్పింది. కటక్ మంది, అంతే. తమ్ముడిచ్చిన నాటి ముసలి బ్యాటరీ అది. రెండోసారి కటక్ కూడా అనలేదు. లైట్లు ఆరిపోయాయి. చౌరస్తా నాలుగు దిక్కులా హారన్లు మొదలయ్యాయి. ఆమె హన్మంత్‌కు ఫోన్ చేసింది.

హన్మంత్ దుకాణం నుంచి నడుచుకుంటూ వచ్చాడు. "నే చెప్తనే ఉన్న" అన్నాడు రావడం రావడమే.

"తర్వాత చెప్పు. గఫార్ భాయ్ గల్లీ దాక నెట్టాలె."

"నాకు నడుము పట్టుకుంది. బస్తా ఎత్తిన గదా మొన్న. నువ్వు నెట్టు, నేను స్టీరింగ్ పట్టుకుంట."

ప్రేమలత ఆయన వంక చూసింది. వేరే దారి లేదు. "న్యూట్రల్‌ల ఉంది. రైటుకు తిప్పాలె, అంతే. బ్రేకు నడుమల ఉంటది."

"నాకు తెల్వదా?" అని హన్మంత్ ఎక్కి, ముందు దిండు తీసి పక్కన పెట్టాడు.

ప్రేమలత వెనక్కి పోయి, ఆరిపోయిన లైటు మీద ఒక చెయ్యి, డోరు మీద ఒక చెయ్యి పెట్టి నెట్టింది. బండి కదల్లేదు. అప్పుడు గుంపులోంచి ఎవరో స్టీరింగు దగ్గర మనిషిని చూశారు.

"అరె, అన్న బండి ఆగిపోయింది! నెట్టుండ్రి, నెట్టుండ్రి!"

నలుగురు ఉరికొచ్చారు. అటునుంచి గఫార్ వచ్చాడు. బైకు కుర్రాడు బండికి స్టాండు వేసి మరీ వచ్చాడు. హోంగార్డు విజిల్ ఊది, లారీని ఆపాడు, ఆర్టీసీ బస్సును ఆపాడు. హన్మంత్ రెండు చేతులతో స్టీరింగును గట్టిగా పట్టుకుని, నోరు తెరిచి, రెప్ప వేయకుండా ముందుకు చూస్తున్నాడు. ఇండికేటర్ లేదు. బ్యాటరీయే లేదు. నడిపేవాడికి నడపడమే రాదు. తెల్ల స్కార్పియో చౌరస్తా మధ్యలోంచి దేవుడి రథంలా కుడికి తిరిగింది.

ఒక్క హారన్ మోగలేదు.

"జర పక్కకు జరుగు అక్కా, నీకు చాతగాదు" అన్నాడు ఆమె పక్కన నెడుతున్న బైకు కుర్రాడు. "అన్న సూడు, ఎంత నిదానంగ తిప్పుతుండో!"

గఫార్ షాపు ముందు బండి ఆగింది. ఆగిందంటే, షట్టర్‌కు తగిలి ఆగింది. జనం హన్మంత్‌కు చెయ్యి ఊపి వెళ్లిపోయారు. ఆయన దిగి, స్టూలు మీద కూర్చుని, చెమట తుడుచుకున్నాడు.

"లతా."

"ఊఁ."

"ఎవ్వడూ హారన్ కొట్టలే."

"కొట్టరు."

"ఇండికేటర్ గూడ లేకపాయె."

"లేదు."

"నాకు నడుపుడే రాదు గదనే."

"వాళ్లకేమెరుక?" అంది ప్రేమలత, గఫార్ ఇచ్చిన నీళ్లు తాగుతూ.

హన్మంత్ తల వంచుకుని, జేబులోంచి ఫోన్ తీశాడు. "సోమనర్సయ్యా, రాకు. అమ్మెడిది లేదు... లేదు లేదు, ఖాయం. బండిల ఏం తప్పు లేదు." ఫోన్ ఇంకో చెవికి మార్చాడు. "నడిపేటామెల గూడ లేదు" అన్నాడు మెల్లగా.

ప్రేమలత గ్లాసు పక్కన పెట్టి ఆయన వంక కొత్తగా చూసింది.

గఫార్ కొత్త బ్యాటరీ బిగించాడు. లైట్లు మళ్లీ ఉరికాయి. ప్రేమలత దిండు వేసుకుని కూర్చుంది. హన్మంత్ పక్క సీట్లో కూర్చున్నాడు, ఈసారి ఎవరికీ చెయ్యి ఎత్తే ఉద్దేశం లేకుండా. గల్లీ చివర ఆమె కుడి ఇండికేటర్ వేసి, వెలుగు కొస దాకా పోనిచ్చి, నిదానంగా తిప్పింది.

కాబట్టి పాఠకులారా, అనుమానాలు మానండి, రన్నింగ్ ఇండికేటర్లు బిగించుకోండి. వాటిలో ఏ లోపమూ లేదు. మగవాళ్లకు అసలు లైట్లే అక్కర్లేదు కాబట్టి ఆడవాళ్లు నిశ్చింతగా అన్నీ బిగించుకోవచ్చు. ఎదురుచూడాల్సిందల్లా వాటిని చదివేవాళ్ల కోసమే.

ఇంతకీ ఆ మలుపులో ఏం జరిగిందంటారా? వెనక హారన్ మోగింది. మోగుతూనే, ఒక బైకు కుడిపక్క నుంచి ముందుకొచ్చింది. దాని మీద ఉన్నవాడు తిట్టడానికి నోరు తెరిచి లోపలికి తొంగిచూశాడు. హన్మంత్ దుకాణంలో ఎరువులు తీసుకునే మనిషే.

"అయ్యో, నువ్వున్నవా అన్నా! అక్క ఒక్కతే అనుకున్న. ఏమనుకోకు!"

"నాకెందుకు చెప్తున్నవ్ రా? నడిపేటామెకు చెప్పు!" అని హన్మంత్ అరిచాడు.

వాడు వినలేదు. ఎడమ సీటులో ఉన్న హన్మంత్‌కు ఒక దండం పెట్టి, ఉరుకుతున్న లైటుకు అడ్డంగా, కుడివైపు నుంచే వెళ్లిపోయాడు.